తెలుగు నేల మీద యూదు గ్రంథం

కొన్నేళ్ళ కిందట నంద్యాలలో జరిగిన ఒక సాహిత్య సభలో చరిత్ర రచన గురించి మాట్లాడుతూ నేనొక మాట అన్నాను. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు తాము యూదులమనీ, పోగొట్టుకుపోయిన ఎఫ్రాయిము గోత్రం వారమనీ చెప్పుకుంటున్నాయి కదా, తమ చరిత్ర తమకు చాలక పరాయి చరిత్రను తొడుక్కుంటే ఇలాగే ఉంటుందని. సభ నవ్వింది. నవ్వు తగ్గాక వెనక వరసలోంచి ఒక విద్యార్థి లేచి, "సార్, వాళ్ళు ఏం చదివి ఆ మాట చెప్తున్నారో అది మీరు చదివినారా?" అని అడిగాడు. చదవలేదు. అధ్యక్షులు సమయం అయిపోయిందన్నారు గనక ఆ పూటకు బతికిపోయాను.

ఆ ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. ఆ తర్వాత చదివినదాన్నీ, చదువుతూ నా అభిప్రాయం ఎక్కడెక్కడ మారిందో, ఎక్కడ మారలేదో దాన్నీ ఇక్కడ చెప్పదలచుకున్నాను.

నిజానికి యూదుల గ్రంథం నాకు కొత్తది కాదు. ఆళ్లగడ్డలో హైస్కూలు రోజుల్లోనే పాత నిబంధన చదివాను. మా ఇంట్లో జీతమున్న మనిషి కొడుకూ నేనూ ఒకే తరగతి. వాళ్ళది చర్చి కుటుంబం. ఆ ప్రాంతం తెలిసినవారికి వివరం అక్కరలేదు. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ఆంగ్లికన్ మిషనరీలు చాగలమర్రి వైపు ముత్యాలపాడును కేంద్రం చేసుకుని పనిచేశారు. ఆ తర్వాత నంద్యాల పెద్ద కేంద్రమయింది. మతం మారినవారిలో మాలలు ఎక్కువ. 1947లో దక్షిణాది ప్రొటెస్టెంటు సంఘాలు కొన్ని కలిసి ఒకే సంఘంగా ఏర్పడినప్పుడు, మేం కలవమని ఆంగ్లికన్లుగానే నిలబడి, 1975 దాకా విడిగా ఉన్నవాళ్ళు నంద్యాల ప్రాంతపు క్రైస్తవులు. పల్లెల్లోని కూలీ జనం ఇంగ్లండు మతసంప్రదాయం పేరిట ఇరవై ఎనిమిదేళ్ళు పట్టుపట్టడం చరిత్రకారులు వేరుగా పరిశీలించవలసిన విషయం. అది వేరే వ్యాసం.

నా సహాధ్యాయి ఒకరోజు, "ఏమప్పా, మీ ఇండ్లల్లో రామాయణం చదువుతారు గదా, మాది గూడా చదివి చూడు" అని నల్ల అట్ట పుస్తకం చేతిలో పెట్టాడు. కుర్రతనంలో కథల కోసం చదివాను. పండుగల పట్టికలూ బలుల వివరాలూ వచ్చినచోట పేజీలు తిప్పేశాను. ఇప్పుడు ఆ తిప్పేసిన పేజీల దగ్గరికే మళ్ళీ వెళ్ళాను.

పండుగలన్నీ ఒకచోట కూర్చినది లేవీయకాండము 23వ అధ్యాయం. పస్కా, పులియని రొట్టెల పండుగ, వారముల పండుగ, ఏడవ నెల మొదటి రోజున శృంగధ్వని, పదో రోజున ప్రాయశ్చిత్తార్థ దినము, పదిహేనో రోజు నుంచి పర్ణశాలల పండుగ. వీటన్నిటికంటే ముందు వారంవారం వచ్చే విశ్రాంతి దినము. ఈ పేర్లను కాస్త ఆగి చూడండి. అనువాదకులు హీబ్రూ మాటలకు వెతికి తెచ్చిన తెలుగు మాటల్లో కొన్ని అసలు తెలుగు కావు, సంస్కృతం. పర్ణశాల అనగానే మనకు భద్రాచలం దగ్గరి పర్ణశాల, సీతారాములు గుర్తొస్తారు. హీబ్రూలో ఆ మాటకు అర్థం ఆకులూ కొమ్మలూ కప్పిన తాత్కాలికపు పాక అని మాత్రమే. కోతల కాలంలో చేలో వేసుకునే గుడిసె. ఈజిప్టు నుంచి బయటపడి ఎడారిలో తిరిగిన తరం అటువంటి పాకల్లో కాపురముంది గనక, వారి సంతతి ఏటా ఏడు రోజులు పాకల్లో గడపాలని నియమం. కుందూ ఒడ్డున చేనికి కాపలా పడుకునే మనిషి గుడిసెను అనువాదకుడు తీసుకెళ్ళి మునుల ఆశ్రమం పక్కన పెట్టాడు.

ఇంతకంటే ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. యూదులు తోరా అని పిలిచే దాన్ని తెలుగు బైబిలు ధర్మశాస్త్రము అంది. తోరా అంటే బోధ, దారి చూపడం. మన దేశంలో ధర్మశాస్త్రం అనే మాటకున్న చరిత్ర వేరు. మనుస్మృతి ధర్మశాస్త్రం. ఎవడు చదవకూడదో, ఎవడు ఊరి బయట ఉండాలో చెప్పింది ఆ శాస్త్రం. ఆ శాస్త్రం గడప దాటనివ్వని మనిషి చేతికి అదే పేరు గల మరో పుస్తకం వచ్చింది. అందులో ఏముంది? వారానికొకరోజు నీవూ, నీ దాసుడూ, నీ దాసీ, నీ ఎద్దూ పని మానాలని ఉంది. ఎందుకు మానాలి? నిర్గమకాండము ఒక కారణం చెబుతుంది: దేవుడు ఆరు రోజుల్లో సృష్టి చేసి ఏడో రోజు విశ్రమించాడు గనక. ద్వితీయోపదేశకాండము అదే ఆజ్ఞకు వేరే కారణం చెబుతుంది: నువ్వూ ఒకప్పుడు ఈజిప్టులో దాసుడివే, అది మరిచిపోవద్దు. మొదటిది పురాణం. రెండోది చరిత్ర, లేదా చరిత్రగా నిలబెట్టుకున్న జ్ఞాపకం. ఒకే ఆజ్ఞకు రెండు గ్రంథాలు రెండు కారణాలు చెప్పడమే ఆ సమాజంలో రెండు ఆలోచనలు పక్కపక్కనే బతికాయనడానికి సాక్ష్యం.

అదే 23వ అధ్యాయంలో, వారముల పండుగకూ శృంగధ్వనికీ మధ్య, సంబంధం లేనట్టు ఒక వాక్యం వస్తుంది. కోత కోసేటప్పుడు చేను అంచుల దాకా కోయవద్దు, పరిగె ఏరుకోవద్దు, అవి బీదలకూ పరదేశులకూ వదిలిపెట్టు అని. పండుగల పట్టికలో పరిగె ఎందుకు వచ్చిందని మొదట నాకు ఆశ్చర్యం వేసింది. వారముల పండుగ గోధుమ కోతల పండుగ అని తెలిశాక అర్థమయింది. పంట ఇంటికొచ్చిన సంతోషం ఎవరిదన్న ప్రశ్నకు అక్కడ జవాబుంది. ఆ పండుగనాడు యూదులు సమాజమందిరాల్లో రూతు గ్రంథం చదువుకుంటారు. రూతు మోయాబు దేశపు విధవ. పరదేశి. బోయజు చేలో పరిగె ఏరుకుని అత్తను పోషించింది. ఆమె మునిమనుమడే దావీదు రాజు. ఆళ్లగడ్డ చుట్టుపక్కల వేరుశనగ పెరికిన చేలల్లో పరిగె ఏరే ఆడవాళ్ళను చూసినవారికి ఈ కథ పాలస్తీనాలో జరిగిందని చెబితే తప్ప తెలియదు. తేడా ఒక్కటే. మా దగ్గర పరిగె రైతు దయ. అక్కడ అది బీదల హక్కు అని రాసి ఉంది. రాసినట్టే జరిగిందా అన్నది వేరే సంగతి.

యాభయ్యో ఏట వచ్చే సునాద సంవత్సరం గురించి చదివినప్పుడు, అమ్ముకున్న భూములు తిరిగి అసలు కుటుంబాలకు చెందాలన్న నియమం చూసి, 1973 నాటి మన భూసంస్కరణల చట్టం గుర్తొచ్చి నవ్వుకున్నాను. రెండూ కాగితం మీద గొప్పవే. అయితే మన విమర్శకులు కొందరు ఇటువంటి చోట్ల పరవశించిపోయి ప్రాచీన సామ్యవాదం దొరికిందంటారు. సునాద సంవత్సరం చెప్పిన 25వ అధ్యాయమే, మరి కొన్ని వాక్యాల తర్వాత, పరజాతివాళ్ళను శాశ్వత దాసులుగా కొనుక్కోవచ్చనీ, వారిని పిల్లలకు ఆస్తిగా ఇవ్వవచ్చనీ చెబుతుంది. విముక్తి పొందిన దాసుడు రాసుకున్న శాస్త్రంలోనూ ఇంకొకడికి దాస్యం మిగిలే ఉంది. ఇది దాచి అది చెప్పడం చరిత్ర కాదు.

ఇంతవరకు చదివి యూదుల మతం నాకు తెలిసిపోయిందనుకున్నాను. అది నా రెండో పొరపాటు. పాత నిబంధన చదివి యూదు మతం తెలిసిందనుకోవడం, ఋగ్వేదం చదివి నంద్యాల తిరునాళ్ళ సంగతి తెలిసిందనుకోవడం లాంటిది. క్రీ.శ. 70లో రోమన్ సైన్యం యెరూషలేము దేవాలయాన్ని ధ్వంసం చేసింది. దానితో బలులు ఆగిపోయాయి. గొర్రెపిల్లను వధించే పస్కా, మేకను అరణ్యంలోకి తోలే ప్రాయశ్చిత్త దినం పుస్తకంలోనే ఉండిపోయాయి. ఆ స్థితిలో మతం నిలబడిందంటే రబ్బీలు, అంటే గురువులు, గుడిని పుస్తకంలోకీ, బలిపీఠాన్ని ఇంటి భోజనపు బల్ల మీదికీ మార్చారు గనకనే. క్రీ.శ. 200 ప్రాంతంలో మిష్నా, తర్వాతి మూడు నాలుగు శతాబ్దాల్లో తాల్ముదు రూపుదిద్దుకున్నాయి. తాల్ముదు నిర్ణయాల జాబితా కాదు, వాదోపవాదాల సంపుటం. ఓడిపోయిన పక్షం వాదనను కూడా పేరు పెట్టి భద్రపరచడం అందులోని విశేషం. మన సాహిత్య సంఘాలకు ఆ అలవాటు లేదు.

ఇవాళ పస్కా అంటే ఒక రాత్రి భోజనం. ఇంట్లో అందరికంటే చిన్నపిల్ల, ఈ రాత్రి మిగతా రాత్రులకంటే ఎందుకు వేరని ప్రశ్నలు అడగాలి. జవాబుగా పెద్దలు బానిసత్వపు కథ చెప్పాలి. బల్ల మీద చేదు కూర ఉంటుంది, బానిస బతుకు చేదుకు గుర్తు. ఉప్పునీళ్ళుంటాయి, కన్నీళ్ళకు గుర్తు. ఇటుకల మధ్య అడుసుకు గుర్తుగా పళ్ళూ గింజలూ దంచిన తీపి ముద్ద. పులియని రొట్టె, పారిపోయే తొందరలో పిండి పులిసే తీరిక లేనందుకు. ప్రతి తరం వాళ్ళూ తామే స్వయంగా ఈజిప్టు నుంచి బయటపడినట్టు భావించుకోవాలని సంప్రదాయం. జొన్నరొట్టె తిని పెరిగిన రాయలసీమవాడికి పులియని రొట్టెలో వింత కనబడదు. మాకు ఏడాది పొడుగునా పులియని రొట్టెల పండుగే. అన్నట్టు పులిస్తే నిషిద్ధమని వారు లెక్కించే ధాన్యాలు ఐదు: గోధుమ, బార్లీ, వాటి జాతికి దగ్గరివి. జొన్న ఆ లెక్కలో లేదు.

పంచాంగం విషయంలోనూ మనకూ వారికీ పోలిక ఉంది. వారివి చాంద్రమాసాలు. ఋతువులతో నెలలు తప్పిపోకుండా పందొమ్మిదేళ్ళలో ఏడుసార్లు అధికమాసం వేసుకుంటారు. మన అధికమాసాల లెక్కా ఇంచుమించు అంతే. పస్కా నీసాను మాసపు పున్నమి రాత్రి. చాలా ఏళ్ళు అది మన చైత్ర పున్నమి దరిదాపుల్లో వస్తుంది. పాకల పండుగ ఏడో నెల పున్నమికి, తరచు మన ఆశ్వయుజంలో. విముక్తి జరిగిన నెలనే ఏడాదికి మొదటి నెలగా లెక్కపెట్టుకోమని నిర్గమకాండము చెప్పింది. మా వైపు జీతగాళ్ళ లెక్క ఉగాది నుంచి ఉగాదికి ఉండేది. పాత జీతం తీరేదీ, కొత్త ఇంట్లో కుదిరేదీ ఆ రోజుల్లోనే. ఆ చైత్రమాసంలో మా జీతగాడికి విముక్తి ఎన్నడూ రాలేదు, యజమాని మాత్రం అప్పుడప్పుడు మారాడు.

ప్రొటెస్టెంటు తెలుగు బైబిలులో దొరకని పండుగ ఒకటుంది: హనుక్కా. క్రీ.పూ. రెండో శతాబ్దంలో సిరియా గ్రీకు రాజుల మీద మక్కబీయులు చేసిన తిరుగుబాటు తర్వాత దేవాలయాన్ని మళ్ళీ శుద్ధిచేసిన సందర్భంలో పుట్టిన దీపాల పండుగ. మక్కబీయుల గ్రంథాలు కాథలిక్కుల బైబిలులో ఉన్నాయి, ప్రొటెస్టెంట్లది వాటిని వదిలేసింది. యోహాను సువార్తలో ప్రతిష్ఠిత పండుగ అని ఒక్కచోట పేరు వస్తుంది, అంతే. మన అభ్యుదయ పాఠకులకు *స్పార్టకస్* నవలతో దగ్గరైన హోవర్డ్ ఫాస్ట్, 1948లో ఆ మక్కబీ సోదరుల మీద ఒక నవల రాశాడు. కమ్యూనిస్టు, యూదుడు. స్పార్టకస్ రాయడానికి ముందే అతను తన వాళ్ళ తిరుగుబాటును రాసుకున్నాడన్నమాట. షైలాక్‌ను పాఠ్యపుస్తకంలో చదివి యూదుడంటే వడ్డీవ్యాపారి అనుకున్న మన తరానికి ఫాస్ట్ ఒక మంచి విరుగుడు.

తెలుగు నేలకు యూదుల గ్రంథం మిషనరీలతోనే వచ్చిందనుకునేవాణ్ణి. అదీ నిజం కాదు. పదిహేడో శతాబ్దంలో పారసీక దేశపు కాషాన్ పట్టణంలో యూదు కుటుంబంలో పుట్టి, ఇస్లాంలోకి వచ్చి, వ్యాపారిగా సింధులోని ఠట్టాకు చేరి, అక్కడ అభయచంద్ అనే హిందూ యువకుడి స్నేహంలో సర్వం వదులుకుని దిగంబరుడై తిరిగిన సర్మద్ అనే కవి కొంతకాలం అబ్దుల్లా కుతుబ్‌షా ఏలుబడిలో హైదరాబాదులో ఉన్నాడు. *దబిస్తాన్-ఎ-మజాహిబ్* అనే పారసీక గ్రంథం ఆనాటి మతాలన్నిటినీ వర్ణించిన పుస్తకం. రచయిత ఎవరన్నదాని మీద పండితులు ఇప్పటికీ తగవులాడుతున్నారు. ఆ రచయిత 1647లో హైదరాబాదులో సర్మద్‌ను కలుసుకుని యూదుల మతం గురించిన అధ్యాయం అతని నోట విని రాశాడు. అభయచంద్ సర్మద్ దగ్గర చదువుకుని ఆదికాండపు తొలి అధ్యాయాలను పారసీకంలోకి మార్చాడు. సర్మద్ సరిదిద్దిన ఆ భాగం ఆ పుస్తకంలో చేరింది. అంటే ముత్యాలపాడు మిషనుకు రెండు వందల ఏళ్ళ ముందే, మూసీ ఒడ్డున, ఒక హిందువు అనువదించిన యూదు గ్రంథాన్ని ఒక సర్వమత జిజ్ఞాసువు చదువుకున్నాడు. ఆ అధ్యాయంలో యూదు మతం ఎంత, సర్మద్ సొంత ఆలోచన ఎంత అని విడదీయడం కష్టం. సర్మద్‌ను 1661 ప్రాంతంలో ఢిల్లీలో ఔరంగజేబు ప్రభుత్వం శిరచ్ఛేదం చేయించింది.

అదే కాలంలో మద్రాసులో పోర్చుగీసు మూలాల యూదు వర్తకులు మకాం పెట్టారు. మధ్యధరా పగడాలు తెచ్చి, గోల్కొండ వజ్రాలు కొనుక్కుపోవడం వారి వ్యాపారం. 1688లో మద్రాసు కార్పొరేషన్ ఏర్పడినప్పుడు తొలి ఆల్డర్‌మెన్లలో ముగ్గురు యూదులు. గోల్కొండ వజ్రాలంటే గోల్కొండలో దొరికినవి కావని మనకు తెలుసు. కృష్ణా తీరంలోనూ, మా కర్నూలు సీమలోనూ దొరికినవి. బనగానపల్లె గనులు నంద్యాలకు ఎంతో దూరం లేవు. మన ఇళ్ళల్లో నల్లపూసల మధ్య గుచ్చుకున్న పగడాల్లో కొన్ని ఆ దారినే వచ్చి ఉండవచ్చు. అయితే ఈ వర్తకులు తమ మతం గురించి ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడిగినట్టూ లేదు.

ఇక కొత్తరెడ్డిపాలెం. ఈ ఉద్యమానికి మూలపురుషుడు షమ్మూయేల్ యాకోబి. క్రైస్తవ బోధకుడిగా ఉంటూ 1980ల తొలి ఏళ్ళలో యెరూషలేము వెళ్ళివచ్చిన తర్వాత, తమ కుటుంబాల ఆచారాలు యూదుల ఆచారాలేనన్న నిర్ణయానికి వచ్చాడు. అతనూ తమ్ముడు సాదోక్ యాకోబీ కలిసి కొన్ని కుటుంబాలను కూడగట్టారు. 1990ల మొదట్లో ఊళ్ళో ఒక సమాజమందిరం కట్టుకున్నారు. 2002లో షమ్మూయేల్ ఇంగ్లీషులో ఒక పెద్ద పుస్తకం వెలువరించాడు. క్రీ.పూ. 722లో అష్షూరు సైన్యం ఉత్తర ఇశ్రాయేలు రాజ్యాన్ని నాశనం చేసినప్పుడు చెదిరిపోయిన పది గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము గోత్రం దేశాలు తిరిగి తెలుగు నేలకు చేరిందనీ, తర్వాత వర్ణవ్యవస్థ వారిని అంటరానివారిగా చేసిందనీ అతని వాదం. తెలుగుకూ హీబ్రూకూ చుట్టరికం ఉందని కూడా చెప్పాడు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు మానవశాస్త్రజ్ఞులు ఈ సమాజం మీద పరిశోధన చేసి 2013లో ఒక గ్రంథం ప్రచురించారు.

చరిత్రగా ఈ వాదం నిలబడదు. ఇక్కడ నా అభిప్రాయం మారలేదు. తెలుగు ద్రావిడ భాష, హీబ్రూ సెమిటిక్ భాష. రెండింటిలో ఒకలా వినిపించే మాటలు ఏరి చుట్టరికం కలిపితే ప్రపంచంలో ఏ భాషకైనా ఏ భాషతోనైనా కలపవచ్చు. అరువు మాటల సంగతి వేరు. సొలొమోను ఓడలు తెచ్చిన నెమళ్ళకు రాజుల గ్రంథంలో వాడిన హీబ్రూ మాట, నెమలిపింఛానికి తమిళంలో ఉన్న తోకై అనే మాట నుంచి వచ్చిందని కాల్డ్వెల్ వంటివారు వాదించారు. మన తోకకు అది అక్కచెల్లెలు. అది సముద్ర వ్యాపారానికి గుర్తు కావచ్చు, వంశానికి కాదు. గొడ్డు మాంసం తినడం ప్రాచీన బలుల ఆచారానికి శేషమన్న వాదమూ అంతే. చచ్చిన పశువు మాంసం తినకూడదని ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం స్పష్టంగా నిషేధించింది. మన దేశంలో మాదిగల మీద ఊరు మోపిన పని సరిగ్గా అదే: చచ్చిన గొడ్డును ఎత్తడం, దాని తోలు తీయడం. ఆ మాంసానికీ అంటరానితనానికీ ఉన్న సంబంధం కోసం యెరూషలేము దాకా పోనక్కర లేదు. అంబేద్కర్ 1948లో రాసిన గ్రంథం చాలు.

అయితే ఆ సభలో నేనన్నది ఇది కాదు. వాళ్ళు పుస్తకం చదివి పండుగలు నేర్చుకున్నారు గనక అవి దొంగ పండుగలన్నాను. ఆ మాట తప్పని యూదుల గ్రంథమే చెబుతోంది. నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయం చూడండి. బబులోను చెర నుంచి తిరిగొచ్చిన జనం కూడి ఉండగా ఎజ్రా ధర్మశాస్త్రం చదివి వినిపిస్తాడు. అర్థం చెప్పేవాళ్ళు పక్కన నిలబడి విడమరిచి చెబుతారు. మర్నాడు పెద్దలు వచ్చి ఇంకా చదువుతూండగా, ఏడో నెలలో పాకల్లో నివసించాలని రాసి ఉన్నట్టు కనిపెడతారు. వాళ్ళకు అది అంతవరకు తెలియదు. యెహోషువ కాలం నుంచి ఎవరూ అలా చేయలేదని గ్రంథం ఒప్పుకుంటుంది. వెంటనే కొండకు పోయి కొమ్మలు నరుక్కొచ్చి మిద్దెల మీద పాకలు వేసుకుంటారు. ఇంకా ముందు, యోషీయా రాజు కాలంలో, గుడి మరమ్మతుల్లో ఒక గ్రంథం దొరికింది. అది చదివించుకుని రాజు పస్కా చేయించాడు. న్యాయాధిపతుల నాటి నుంచి అటువంటి పస్కా జరగలేదని రాజుల రెండవ గ్రంథం చెబుతుంది. చదివి పండుగ నేర్చుకోవడం ఆ మతంలో కొత్తరెడ్డిపాలెంతో మొదలు కాలేదు.

ఇంకో ఉదాహరణ మన పక్క రాష్ట్రంలోనే ఉంది. కొంకణ తీరపు బెనె ఇశ్రాయేలీలు నూనె గానుగలు ఆడించేవాళ్ళు. శనివారం గానుగ కట్టరు గనక వాళ్ళను ఊళ్ళో శనివారపు తేలీలు అనేవారు. వాళ్ళకు సున్నతి, శనివారపు విశ్రాంతి, కొన్ని ఉపవాసాలు తెలుసు. హీబ్రూ గ్రంథం లేదు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల మరాఠీ బైబిలూ, మిషనరీల బళ్ళలో హీబ్రూ చదువూ వాళ్ళ మతజ్ఞానాన్ని పెంచాయి. క్రైస్తవులను చేద్దామని ఇచ్చిన పుస్తకం వాళ్ళను మరింత గట్టి యూదులను చేసింది. అయినా ఇజ్రాయెలుకు వెళ్ళాక వాళ్ళ వివాహాల చెల్లుబాటును అక్కడి మతపెద్దలు శంకించారు. ధర్నాలు చేశాక 1964లో గానీ సమాన గౌరవం దక్కలేదు. మణిపూర్, మిజోరంల నుంచి మనష్షే గోత్రమని చెప్పుకున్నవారిని 2005లో అక్కడి ప్రధాన రబ్బీ ఒకరు అంగీకరించారు. కొత్తరెడ్డిపాలెం వారికి ఆ అంగీకారం రాలేదు.

కొత్తరెడ్డిపాలెం వారి పుస్తకం కూడా మిషనరీలు ఇచ్చిందే. ఒంగోలు బాప్తిస్టు మిషను చరిత్ర తెలిసినవారికి ఆ సంగతి తెలుసు. కరువు తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వాళ్ళలో అత్యధికులు మాదిగలు. దాని వెనక ఉన్నది క్లౌ దొర ఒక్కడే కాదు. అంతకు ముందే ఒక యోగి గురుమార్గంలో తిరిగిన యెర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ పెద్దల అన్వేషణ ఉంది. యోగం నుంచి క్రీస్తుకు, క్రీస్తు నుంచి మోషేకు. ఆ నడకలో ప్రతి మలుపు దగ్గరా వాళ్ళు వెతికింది ఊరు తమకు ఇవ్వని గౌరవాన్నే. అంతకు ముందూ వాళ్ళు పురాణం లేని జనం కారు. జాంబపురాణం ఉంది. భూమి పుట్టకముందే జాంబవుడు పుట్టాడని దక్కలివాళ్ళు పటాలు పెట్టి చెప్పారు. మాదిగకు తన చరిత్ర చాలలేదని నేను ఎగతాళి చేశాను. ఆ చరిత్రను మన సాహిత్య చరిత్రలు ఎన్ని పేజీల్లో రాశాయి? ఊరు వినిపించుకోని పురాణం పక్కన, ప్రపంచం వినే పురాణం ఒకటి దొరికినప్పుడు దాన్ని చేపట్టారు.

చట్టం మాటేమిటని అడగవచ్చు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు మాత్రమే. క్రైస్తవుడైన మాదిగకు లేదు. యూదుడైన మాదిగకూ లేదు. కాబట్టి రిజర్వేషన్ కోసం వేషమన్న నిందకు ఆధారం లేదు, కాగితం మీద యూదుడయితే ఉన్నదీ పోతుంది. ఇజ్రాయెల్ వెళ్ళడానికేనన్న నిందలో కొంత బలముంది. 1950 నాటి ఇజ్రాయెల్ చట్టం ఏ దేశపు యూదుడికైనా పౌరసత్వం ఇస్తుంది, 1948లో అదే నేల నుంచి వెళ్ళగొట్టబడిన పాలస్తీనీయుడికి తిరిగొచ్చే హక్కు ఇవ్వదు. 2023 అక్టోబరు తర్వాత గాజాలో జరిగినదాన్ని చూసినవారెవరూ ఈ సంగతిని చిన్నదిగా చూడలేరు. పస్కా బల్ల ముందు కూర్చుని బానిసత్వపు కథ చెప్పుకునే యూదుల్లోనే ఆ రాజ్యాన్ని ప్రశ్నించేవారు ఎందరో ఉన్నారు. యూదుల పండుగలు వేరు, ఆ రాజ్యపు తుపాకులు వేరు. ఈ తేడాను మన పత్రికలు ఒక్కోసారి మరిచిపోతున్నాయి. ఊరి బయటివాడు తనకొక దేశం కావాలనుకోవడం నాకు అర్థమవుతుంది. అయితే ఆ దేశంలోనూ ఊరి బయట ఒకడున్నాడని వాళ్ళకు చెప్పవలసిన బాధ్యత మనకుంది. మన ఊళ్ళ సంగతి ముందు మాట్లాడితేనే ఆ మాట చెల్లుతుంది.

మా నాన్న పోయాక ఆళ్లగడ్డ ఇల్లు అమ్మేటప్పుడు అటక మీద జీతాల లెక్కల పుస్తకాలు దొరికాయి. పాతవన్నీ చూశాను. నాకు బైబిలు ఇచ్చిన నా సహాధ్యాయి తండ్రి పేరున ఒక పేజీ ఉంది. ఉగాదికి జీతం, మధ్యలో ఇచ్చిన గింజలు, బట్టలు, పెళ్ళికి అప్పు, అన్నీ తేదీల వారీగా ఉన్నాయి. పక్క వరసలో పనికి రాని రోజుల లెక్క. క్యాలెండరుతో సరిచూశాను. దాదాపు అన్నీ ఆదివారాలే. ప్రతిదాని ఎదురుగా మా నాన్న చేతిరాతలో "నాగా" అని రాసి, కూలి తగ్గించి ఉంది.